ఎస్తేరత్తకు రెండో బాప్తిస్మం

మా అమ్మ పేరు పైడమ్మ. చర్చిలో ప్రభు బల్లకి రొట్టె చేసే మనిషికి ఈ పేరేమిటని మా సంఘానికి కొత్తగా వచ్చినవాళ్ళు ఇప్పటికీ బుగ్గలు నొక్కుకుంటారు. విజయనగరం పైడితల్లమ్మకి మొక్కుకుంటే పుట్టిందని మా అమ్మమ్మ పెట్టుకున్న పేరది. బాప్తిస్మం రోజున అప్పటి పాస్టరుగారు పేరు మార్చి మేరీ అనో మార్త అనో పెడదామన్నారట. మా ఎస్తేరత్త అడ్డం పడింది. “పేరు కడగనక్కర్లేదండి. దేవుడు పైడీ అని పిలిసినా పలుకుతాది” అందట. అలా ఆ పేరు నిలబడింది.

ఎస్తేరత్త మా నాన్నకి అక్క. నేను చెప్పబోయేది మా అమ్మ గురించే గానీ, అత్తని వదిలేసి అమ్మ గురించి చెప్పడం నా వల్ల కాదు. నా పేరు రాధిక. రోజూ చీపురుపల్లిలో రైలెక్కి ఆమదాలవలసలో దిగి, శ్రీకాకుళం వెళ్ళి ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసి వస్తుంటాను. నాకు కోపం ఎక్కువని ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉంది. కొన్ని సంగతులకి కూడా కోపం రాకపోతే ఇక మనిషి ఎందుకు?

మా నాన్న సామేలు రైల్వేలో గ్యాంగ్‌మేన్. వాళ్ళది సాలూరు వైపు లూథరన్ కుటుంబం. చీపురుపల్లిలో ఉద్యోగం వచ్చాక, పక్కనే ఉన్న మా పల్లెలో ఇల్లు అద్దెకి తీసుకున్నాడు. అమ్మ వాళ్ళది ఎదురిల్లు. ఇద్దరూ ఇష్టపడ్డారు. అమ్మ వాళ్ళింట్లో పెద్ద గొడవైంది. పెళ్ళయ్యాక ఆమెని గుమ్మం తొక్కనివ్వలేదు. ఎదురింట్లోనే ఉంటూ కన్నతల్లితో మాటల్లేకుండా బతకడం ఎలా ఉంటుందో అమ్మని అడిగితే ఇప్పటికీ చెప్పదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచిపోతుంది.

అప్పుడు ఎస్తేరత్త సాలూరు నుంచి దిగింది. అక్కడి ఆసుపత్రిలో నర్సు. పెళ్ళి చేసుకోలేదు. సెలవు పెట్టి వచ్చి మరదలి దగ్గర ఉండిపోయింది. అమ్మకి చదువు అంతంతమాత్రం. ఇద్దరూ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతుంటే, అత్త పరలోక ప్రార్థన ఒక్కొక్క ముక్కా చెప్పేది, అమ్మ తిరిగి చెప్పేది. తప్పితే “మల్లీ సెప్పు” అనేది. విసుక్కునేది కాదట. నాకంటే ముందు పుట్టిన బిడ్డ పురిట్లోనే పోయినప్పుడు, ఊళ్ళో ఒకరిద్దరు అమ్మవారికి కోపం వచ్చిందన్నారు. అమ్మ అది నమ్మేసింది. తిండి మానేసింది. అత్త ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, “పిల్లల్ని తీసుకుపోయి పగ తీర్సుకునేది దేవుడవదే పైడీ, ఏ పేరెట్టి పిలిసినా అవదు” అందట. దేవుడంటే భయం పోయింది ఆ రోజేనని అమ్మే చాలాసార్లు చెప్పింది.

మా పల్లెలో ఉన్నది ఒకే ఒక్క చర్చి, బాప్టిస్టులది. లూథరన్లకి పసిబిడ్డగా ఉన్నప్పుడే తల మీద నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇచ్చేస్తారు. మా సంఘంలో అలా కుదరదు. తెలివొచ్చాక, నలుగురిలో సాక్ష్యం చెప్పి, గెడ్డలో, అంటే ఊరి వాగులో, నిలువునా మునగాలి. అమ్మకి అదే మొదటి బాప్తిస్మం కాబట్టి మునిగింది. నాన్నని కూడా మునగమన్నారు. ఆయన దేనికీ పట్టింపు లేని మనిషి. “నీల్లు మోకాలికొస్తే ఏటి, నెత్తికొస్తే ఏటి” అని లుంగీ ఎగ్గట్టి దిగిపోయాడు. అత్త ఒడ్డున నిలబడి ఇద్దరికీ తువ్వాళ్ళు అందించింది. తర్వాత సాలూరు వెళ్ళిపోయింది.

అమ్మ ఆ సంఘంలో మెల్లమెల్లగా పాతుకుపోయింది. ఎవరికి జ్వరం వచ్చినా జావ పట్టుకెళ్ళేది. చర్చి తుడిచేది. చివరికి రొట్టె ఆమె చేతికి వచ్చింది. నెలలో మొదటి ఆదివారం మాకు ప్రభు బల్ల, యేసు ఆఖరి విందుకి గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం అందరూ పంచుకోవడం. శనివారం పొద్దున్నే అమ్మ తలస్నానం చేసి, ఏమీ తినకుండా, ఉప్పూ సోడా లేని గోధుమపిండి కలిపి రొట్టె కాలుస్తుంది. దానికి వేరే పెనం. ఆ పెనం మీద నాన్న ఒకసారి అట్టు వేసుకున్నాడని అమ్మ ఆయనతో మాటలు మానేసింది. నల్ల కిస్మిస్ నానబెట్టి, మరిగించి, గుడ్డలో వడకట్టి రసం తీస్తుంది. ఊళ్ళో ఆమెని రొట్టె పైడమ్మ అంటారు. ఆ మాట వినపడినప్పుడు అమ్మ నడకే మారిపోతుంది. పుట్టింటివాళ్ళు కాదన్న మనిషికి ఆ సంఘమే పుట్టిల్లయింది.

రిటైరయ్యాక కొన్నాళ్ళు ఒంటరిగా గడిపి, మోకాళ్ళు పట్టేశాక ఎస్తేరత్త మా ఇంటికి వచ్చేసింది. పట్టుబట్టి తీసుకొచ్చింది మా అమ్మే. మంచం వేయించింది, బాత్రూములో పట్టుకోడానికి ఇనప గొట్టం పెట్టించింది. ఆదివారం చర్చిలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవారు. అమ్మ చాప మీద, అత్తకి మాత్రం మోకాళ్ళు వంగవు కాబట్టి కుర్చీ వేసేవారు. పాత పాస్టరుగారు ఏమీ అడగలేదు. రొట్టె పళ్ళెం వచ్చేది, అత్త రొట్టె ముక్క తీసుకునేది, కళ్ళు మూసుకునేది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది ఎక్కడ మొదలైందో నేను చెప్తాను. అత్త ప్రార్థన చేస్తే వినాలనిపిస్తుంది. గట్టిగా అరవదు, ఏడవదు, పక్కింటావిడతో మాట్లాడుతున్నట్టు దేవుడితో మాట్లాడుతుంది. దాంతో ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఇదివరకు పైడమ్మా అని వచ్చేవాళ్ళు ఇప్పుడు ఎస్తేరమ్మగారు ఉన్నారా అని వస్తున్నారు. అమ్మ నవ్వుతూ మజ్జిగ ఇచ్చేది. ఒకరోజు స్త్రీల కూటంలో, సంఘ పెద్ద నరసింగరావుగారి భార్య అందరి ముందూ అనేసింది: “ఎంతైనా పుట్టు క్రైస్తవులు పుట్టు క్రైస్తవులేనమ్మా. ఆ పార్దన ఆలకే వస్తాది. మద్దిన వచ్చినోల్లకి ఎక్కడ వస్తాది?” ఆవిడకి వేరే ఉద్దేశం లేదు, నోటికొచ్చింది అనేసింది. అమ్మ ఇంటికొచ్చి గిన్నెలు తోమడానికి కూర్చుంది. తోమినవే మళ్ళీ తోముతోంది. ఏమైందే అంటే ఏమీ లేదంది.

అదే రోజుల్లో పాత పాస్టరుగారికి బదిలీ అయి కొత్తాయన వచ్చారు. వయసులో చిన్నవాడు, క్రైస్తవ వేదాంత కళాశాలలో చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. ఆయన్ని తిట్టాలని నాకు చాలాసార్లు అనిపించింది గానీ తిట్టడానికి ఏమీ దొరకదు. మొదటి శనివారం మా ఇంటికి వచ్చారు, రొట్టె చేసే ఆవిడని చూద్దామని. అమ్మ పిండి కలుపుతోంది. నేను ల్యాబుకి వెళ్ళిపోయాను. ఆ రోజు ఆయన వెళ్ళబోతుంటే గుమ్మం దగ్గర అమ్మ ఏం మాట్లాడిందో నాకు తర్వాత తెలిసింది. వరసలో చెప్తాను.

మర్నాడు ఆదివారం. బల్లకి ముందు పాస్టరుగారు, మన క్రమం ప్రకారం బాప్తిస్మం పొందినవాళ్ళు మాత్రమే పాలుపొందాలని చెప్పారు. అది ఎప్పుడూ చెప్పే మాటే. నరసింగరావుగారు పళ్ళెం పట్టుకుని వరసలో వస్తున్నారు. అత్త కుర్చీ దగ్గరికి వచ్చారు. అత్త చెయ్యి చాపింది. నరసింగరావుగారు పళ్ళెం కిందికి దించలేదు. మెడ వంచి మా అమ్మని అడిగారు. నేను వెనక చాప మీదే ఉన్నాను, నాకు స్పష్టంగా వినపడింది.

“పైడమ్మా, మీ వదినగారు మునిగినారా లేదా? అయ్యగారు అడగమన్నారు.”

“లేదండి. సిన్నప్పుడు సిలకరించినారంట” అంది అమ్మ, తల ఎత్తకుండా.

పళ్ళెం అత్తని దాటి అమ్మ ముందుకి వెళ్ళింది. అత్త చెయ్యి ఇంకా చాపే ఉంది. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉంచి, మెల్లగా పైటచెంగు సర్దుకుంది. ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. అమ్మ పళ్ళెంలోంచి తన ముక్క తీసుకుంది, నోట్లో పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. చర్చి కాబట్టి ఊరుకున్నాను.

ఆరాధన అవగానే పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. “అయ్యగారూ, మా అత్త క్రైస్తవురాలా కాదా? ఒక్క మాట చెప్పండి” అన్నాను.

“నువ్వు అలా అడగకూడదమ్మా. ఆవిడ భక్తి గురించి నేనేమీ అనలేదు. సంఘానికి ఒక పద్ధతి ఉంటుంది కదా. విశ్వసించి బాప్తిస్మం పొందాలని వాక్యం. పసిబిడ్డ ఏం విశ్వసిస్తుంది చెప్పు?”

“అంటే కాదనే కదా.”

“అది దేవుడికి తెలియాలి” అన్నారాయన.

“దేవుడికి తెలిసినప్పుడు పళ్ళెం ఎందుకండి దాటించారు?”

ఆయన ముఖం కందిపోయింది. మా నాన్న వచ్చి నా రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. “నీ నోరు పడ గుంటా, పద” అన్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఇంటి దగ్గర అత్త ఎప్పట్లాగే ఉంది. చేపల పులుసులో చింతపండు ఎక్కువైందని కూడా అంది. అన్నం తినలేనిది మా అమ్మ. కంచంలో నీళ్ళు పోసేసి పెరట్లోకి పోయింది. వెనకే వెళ్ళాను. రాయి మీద కూర్చుని ఉంది.

“నరసింగరావుగారు అడిగితే నిజం చెప్పావు. నీ తప్పేం ఉందే?” అన్నాను, ఓదారుద్దామని.

“ఆల్లకి ఎలా తెలిసిందనుకున్నావు?” అంది అమ్మ.

నాకు అర్థం కాలేదు.

“నిన్న అయ్యగారు వచ్చినారు కదా. నానే సెప్పినాను. మా వదిన మన పద్దతిలో మునగలేదండి, ఏటి సెయ్యాలండి అని అడిగినాను. ఏమీ తెలీనట్టు అడిగినాను. అడిగితే ఏటవుతాదో నాకు తెలుసు.”

“ఎందుకే?”

“ఏమో” అంది. తర్వాత అంది: “పుట్టు క్రైస్తవులంట. నాకు పార్దన రాదంట. మునిగినదాన్ని నాను కదా అనుకున్నాను. ఒక్కసారి అందరికీ తెలిస్తే బాగుణ్ణు అనుకున్నాను. తెలిసిపోనాది. సాలు.”

ఆ రోజు నేను అమ్మని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. నీకు నోరు తిరగడం నేర్పిన మనిషి క్రైస్తవురాలు కాకపోతే నువ్వు ఎక్కణ్ణుంచి వచ్చావే అన్నాను. దేవుడి పేరు ఎత్తకముందే ఆమె చేతి అన్నం తిన్నావన్నాను. అమ్మ అన్నిటికీ తలూపింది. ఎదురు చెప్పే మనిషయితే నా కోపం తీరేది. తలూపే మనిషిని ఎంతసేపు తిడతాం? “వెళ్ళి ఆమెతో చెప్పు, ఇప్పుడే వెళ్ళి చెప్పు” అన్నాను. “సెప్తాను” అంది.

చెప్పలేదు. ఆ వారమంతా చెప్పలేదు. అత్త కాళ్ళకి నూనె రాసేటప్పుడు మొదలుపెట్టేది, “వదినా, మరేటంటే” అని. అత్త “ఏటే” అనేది. “నూని వేడిగా ఉన్నాదా” అని అడిగేది అమ్మ. నేను గదిలోంచి పళ్ళు నూరుకునేదాన్ని. అత్తకి ఇష్టమని బెండకాయ వేపుడు, వంజరం ముక్కలు, ఏదో ఒకటి చేసి పెట్టేది. క్షమాపణ తప్ప అన్నీ వండింది.

తర్వాత నెల మొదటి శనివారం అమ్మ అటక మీంచి రొట్టె పెనం దించలేదు. చెయ్యి నొప్పిగా ఉందని నరసింగరావుగారి భార్యకి కబురు పెట్టింది. ఆవిడ చేసిన రొట్టె మాడిపోయిందని అందరూ అనుకున్నారు. అత్తని దాటించినందుకు కోపంతో పైడమ్మ రొట్టె మానేసిందని ఊరంతా చెప్పుకున్నారు. అమ్మని మెచ్చుకున్నారు కూడా. ఎంత మంచిదో చూడు, వదిన కోసం రొట్టె మానేసిందన్నారు. ఆ మెప్పు విని అమ్మ రెండు రోజులు జ్వరంతో పడుకుంది.

అత్త కూడా ఊరివాళ్ళలాగే నమ్మిందని నేననుకున్నాను. ఒకరోజు సాయంత్రం నాన్నని పిలిచి, “ఒరే సామేలూ, అయ్యగారితో సెప్పు. నాను మునుగుతాను” అంది.

నాన్న తెల్లబోయాడు. “నీకేటి కర్మ అప్పా? నీకు ఇష్టం లేకపోతే వద్దు. పళ్ళెం రాకపోతే సచ్చిపోతామా?”

“నా మూలంగా దాని సెయ్యి ఆగిపోనాది. ఆ రొట్టి లేకపోతే అది ఏటి మిగుల్తాదిరా? నాకు ముసల్దానికి ఎలాగైతే ఏటి” అంది అత్త. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింది. నేను అమ్మ వైపు చూశాను. ఇంతకంటే సమయం ఏముంటుంది? అమ్మ గోడ పట్టుకుని నిలబడింది, అంతే.

అత్తకి అది ఎంత పెద్ద మాటో నాన్న నాకు తర్వాత చెప్పాడు. అత్త పుట్టిన వారానికే వాళ్ళ అమ్మ పోయింది. నాన్నది తర్వాతి పెళ్ళి సంతానం. మా తాత ఆ పసిగుడ్డుని తుండుగుడ్డలో చుట్టుకుని, వర్షంలో నడిచి చర్చికి తీసుకెళ్ళి బాప్తిస్మం ఇప్పించాడట. బిడ్డ బతకదన్నారట అందరూ. “దేవుడి సేతిలో ఎట్టీసినాను, ఇంక ఆయనిష్టం” అన్నాడట తాత. అత్తకి ఊహ తెలిసినప్పట్నుంచీ తన గురించి తెలిసిన మొదటి సంగతి అది. ఇప్పుడు మునగడమంటే అదంతా లెక్కలోకి రాదని ఒప్పుకోవడమే. నేను మళ్ళీ అమ్మ మీద పడ్డాను. “నువ్వు చెప్పావంటే ఆమె ఆగిపోతుందే. తప్పు నీదని తెలిస్తే ఆమె ఎందుకు మునగాలి? నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

“నువ్వు సెప్పకు. నీ కాళ్ళకి దండం ఎడతాను. నానే సెప్తాను. ఆదివారం లోపల సెప్తాను” అంది అమ్మ. నా కాళ్ళు నిజంగానే పట్టుకోబోయింది. ఆ తర్వాత నేనేం చెయ్యను?

బాప్తిస్మానికి పెట్టుకున్న ఆదివారం వచ్చేసింది. గెడ్డ ఒడ్డున సంఘమంతా చేరారు. అత్తతో పాటు మునగడానికి వచ్చినవాళ్ళు ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు. ఒడ్డున నిలబడి సాక్ష్యం చెప్పాలి, ప్రభువుని ఎప్పుడు తెలుసుకున్నదీ, అంతకుముందు ఎలా ఉన్నదీ. కుర్రాళ్ళు బట్టీ పట్టినట్టు చెప్పారు, సినిమాలు చూసేవాళ్ళమనీ, చీకట్లో ఉండేవాళ్ళమనీ. అత్త వంతు వచ్చింది. తెల్లచీర కట్టుకుని, నాన్న భుజం పట్టుకుని నిలబడింది.

“ఎప్పుడు తెలుసుకున్నారో చెప్పండమ్మా” అన్నారు పాస్టరుగారు, చాలా మెత్తగా.

“తెలీనప్పుడేటో నాకు గ్యాపకం లేదు బాబూ” అంది అత్త.

పాస్టరుగారు తల వంచుకున్నారు. ఆయనకీ కష్టంగానే ఉందని నాకప్పుడు తెలిసింది. “సరేనమ్మా” అని ముందు ఆయన నీళ్ళలోకి దిగారు. దిగబోయే ముందు అత్త ఆగింది. వెనక్కి తిరిగి ఒడ్డున ఉన్నవాళ్ళందరినీ చూసింది. నాన్నతో, “మన నాన్నకి ఏటి సెప్పుకుంటానురా” అంది. నాన్న ఏడ్చేశాడు.

అమ్మ నా పక్కనే, చేతిలో తువ్వాలుతో ఉంది. ఆమె పెదాలు కదిలాయి. నేను ఆమె మోచెయ్యి గిల్లాను. “పిలవ్వే” అన్నాను. ఆమె నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అత్త అడుగులో అడుగు వేసుకుంటూ దిగింది. పాస్టరుగారు ఆమె వీపు వెనక చెయ్యి వేసి, నెమ్మదిగా ముంచి, వెంటనే లేపారు. సంఘం పాట ఎత్తుకుంది. అమ్మ పరుగెత్తుకెళ్ళి అత్తకి తువ్వాలు చుట్టింది. అత్త వణుకుతోంది. అమ్మ ఇంకా ఎక్కువ వణుకుతోంది.

ఆ నెల గడిచింది. అత్త మారిందని చెప్పలేను. తింటుంది, టీవీలో వార్తలు చూస్తుంది, నా పెళ్ళి గురించి సతాయిస్తుంది. ఒకటే తేడా. ఎవరైనా పిల్లల్ని తీసుకొస్తే, “పైడి సేస్తాది, దాన్నడగండి” అని పంపేసేది. పక్కింటావిడతో మాట్లాడినట్టు దేవుడితో మాట్లాడే ఆ గొంతు మా ఇంట్లో వినపడటం మానేసింది. రాత్రి భోజనాల ముందు కూడా అమ్మే చేసేది, తడబడుతూ. అత్త ఆమేన్ మాత్రం అనేది.

మళ్ళీ మొదటి శనివారం వచ్చింది. అమ్మ స్నానం చేసి పెనం దించింది. దించకుండా ఎలా? ఆ రొట్టె కోసమే కదా అత్త నీళ్ళలోకి దిగింది. ఆ రోజు నాకు సెలవు. వంటింట్లో అత్త స్టూలు మీద కూర్చుని ఉంది. అమ్మ పిండిలో నీళ్ళు పోసి రెండు చేతులూ పెట్టింది. అలాగే ఆగిపోయింది.

“వదినా, అయ్యగారితో సెప్పింది నానే” అంది.

ఇన్నాళ్ళు రాని మాట అంత తేలిగ్గా వచ్చేసింది.

“తెలుసు” అంది అత్త.

అమ్మ తలెత్తింది.

“ఆ దినం పెరట్లో జాకట్లు ఆరేసుకుంటన్నాను కదే. గుమ్మం కాడ నువ్వు ఆయన్ని అడిగినవన్నీ ఇన్నాను.”

“మరి తెలిసీ ఎందుకు దిగీసినావు వదినా?” అంది అమ్మ. “నా రొట్టి కోసం అన్నావు కదా.”

“సామేలుతో ఏదో ఒకటి సెప్పాలి కదా.” అత్త అమ్మ చేతులకి అంటిన పిండి కేసి చూసింది. “నువ్వు పిలుస్తావనుకున్నాను. నూని రాసినప్పుడల్లా అడుగుతావనుకున్నాను. మునుగుతానంటే అప్పుడైనా ఆపుతావనుకున్నాను. మోకాళ్ళ లోతు వచ్చినాక కూడా, ఎనకనుంచి వదినా అంటావని సెవి అటేపే ఎట్టినాను. ముంచినప్పుడు అయ్యగారేటి సదివినారో కూడా ఇనలేదే పైడీ.”

అమ్మ పిండి చేతులతోనే అత్త కాళ్ళ మీద పడింది. క్షమించమంది. ఏమేమో అంది, ఏడుపులో నాకు సగం అర్థం కాలేదు. అత్త ఆమె తల నిమిరింది. “సమించకేటి. ఎప్పుడో సమించీసినాను” అంది. నిజంగానే అంది, ఆమె అబద్ధమాడే మనిషి కాదు. కానీ ఇదివరకు ఇలాంటప్పుడు ఆమె తప్పకుండా కళ్ళు మూసుకుని ఒక చిన్న ప్రార్థన చేసేది. అమ్మ తల పైకెత్తి దాని కోసం చూసింది. అత్త, “లే, పిండి ఎండిపోతన్నాది” అంది.

మర్నాడు చర్చిలో నరసింగరావుగారు పళ్ళెం తెచ్చారు. అత్త కుర్చీ దగ్గర బాగా కిందికి వంచారు. అత్త ముక్క తీసుకుంది. పళ్ళెం అమ్మ ముందుకి వచ్చింది. అమ్మ చేతులు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. నరసింగరావుగారు ఆగారు. అమ్మ ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. ఎందుకు తీసుకోవని అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉంది. సంఘమంతా వినేలా, మొదటినుంచీ చెప్పేయాలని రాత్రే అనుకుందని తర్వాత నాతో అంది.

నరసింగరావుగారు చిన్నగా నవ్వి, “పొద్దున్నే పనిలో పడి తీసుకోడం మర్సిపోనావేటమ్మా” అని, తానే ఒక ముక్క తీసి అమ్మ చేతిలో పెట్టి ముందుకి వెళ్ళిపోయారు. ఆయన ఇంకేమీ అడగలేదు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. రొట్టె పైడమ్మ క్రైస్తవురాలా కాదా అన్న అనుమానం అక్కడ ఒక్కరికీ రాలేదు.